లోపం లేదు

నవంబరు 11, సోమవారం

దూరం: ఇంటి నుంచి రైల్వే గేటు దాకా, మళ్ళీ వెనక్కి.
లోపం లేదు.

నవంబరు 12, మంగళవారం

దూరం: అదే. లోపం లేదు.

ఈ మాట రాస్తే గానీ పొద్దు పోయినట్టు ఉండదు నాకు. ముప్ఫై నాలుగేళ్ళు కంభం దగ్గర పట్టాల మీద బతికాను. అందులో ఇరవై ఏళ్ళు కీమ్యానుని. తెల్లవారగానే సుత్తి, స్పానరు, ఎర్రజెండా పట్టుకుని ఆరేడు కిలోమీటర్లు నడవడం, వదులైన క్లిప్పు కనిపిస్తే కొట్టి బిగించడం, సాయంత్రం డైరీలో దూరం రాసి, ఏమీ కనపడకపోతే 'లోపం లేదు' అని సంతకం పెట్టడం. రిటైరైన రోజు శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి, మిగిలిపోయిన ఈ ఖాళీ డైరీ కూడా చేతిలో పెట్టారు. శాలువా నా కుక్క గార్డు కింద పరిచాను. గడియారం ఆగిపోయింది. డైరీ ఒక్కటే పనికొచ్చింది.

నవంబరు 14, గురువారం

పైన రాసింది అబద్ధం. గేటు దాకా పోలేదు. సోమవారమూ పోలేదు, మంగళవారమూ పోలేదు. మూడో కరెంటు స్తంభం దగ్గర గార్డు కూర్చుండిపోయాడు. వెనక కాళ్ళు రెండూ ఒక పక్కకు వాల్చి, తప్పు చేసినవాడి లాగా నా వైపు చూడడు. పిలిచాను, తిట్టాను, బతిమాలాను. చివరికి ఎత్తుకుని వచ్చాను. నా మోకాళ్ళు చేసిన చప్పుడు నాకే వినపడింది.

లక్ష్మీనరసమ్మ అక్క వాకిట్లో కందులు చెరుగుతూ చూసింది.

"ఏంది కాశయ్యా, చంటిబిడ్డ నెత్తుకున్నట్ల ఎత్తుకొచ్చినావు? నడుము మీద వాత పెట్టియ్యి, లేచి ఉరుకుతాది."

"నీ మోకాళ్ళకు గూడా పెట్టిస్తా, రా అక్కా."

నవ్వింది. ఈ వీధిలో నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. అదీ చేతిలో చేట ఉన్నంతసేపే.

గార్డుకు పదమూడేళ్ళు. కల్వర్టు కింద దొరికాడు, పిడికెడంత. మర్నాటి నుంచి డ్యూటీకి నా వెంటే వచ్చాడు. ఎప్పుడూ ముందుకు రాడు, పక్కన నడవడు, సరిగ్గా పది అడుగులు వెనక. గూడ్సు బండికి చివర గార్డు ఉన్నట్టు. అందుకే నా భార్య ఓబులమ్మ ఆ పేరు పెట్టింది. నేను డ్యూటీ నుంచి వచ్చే వేళకు వాకిట్లో నిలబడి, "ఇంజను వచ్చింది, గార్డేడీ?" అని అడిగేది. మూడేళ్ళయింది ఆ మాట విని.

నవంబరు 15, శుక్రవారం

ఈరోజు ఒక మంచి పని చేశాను.

దేవుడి పటాల పక్కన బిస్కెట్ల డబ్బా ఉంది కదా, అందులో నుంచి పసుపు మాత్ర ఒకటి తీసి, సగం విరిచి, రాగిసంగటి ముద్దలో పెట్టి గార్డుకు వేశాను. ఒక్క గుటకలో మింగాడు. ఓబులమ్మ మోకాళ్ళకు వేసుకున్న మాత్రలే అవి. ఇప్పుడు నేను వేసుకుంటున్నాను. మెడికల్ షాపులో పేరు కూడా చెప్పనక్కరలేదు, మనిషిని చూడగానే అట్ట తీసి ఇస్తారు. నాకు మోకాలు, వాడికి నడుము. నొప్పి నొప్పే కదా, దానికి రెండు కాళ్ళూ నాలుగు కాళ్ళూ తెలుసా?

మిగిలిన సగం నేను వేసుకున్నాను.

నవంబరు 16, శనివారం

పోయాడు! గేటు దాకా పోయాడు! వెనకే, పది అడుగుల దూరంలో, తోక పైకెత్తి. ఈసారి నిజంగానే రాస్తున్నాను.

దూరం: గేటు దాకా, వెనక్కి. లోపం లేదు.

నవంబరు 17, ఆదివారం

గౌరి ఫోను చేసింది. నా కూతురు గిద్దలూరులో ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. పాసింజరు బండి టైము తప్పుతుందేమో గానీ ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆమె ఫోను తప్పదు.

"తిన్నావా నాయనా?"

"తిన్నా."

"అంతా బాగుందా?"

"బాగుంది."

"గార్డు ఎట్లున్నాడు?"

"గేటు దాకా పోయొచ్చినాము ఇద్దరము."

"సరే నాయనా. ఉంటా మరి."

ఆమె పెట్టేసినా కాసేపు ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాను. ఎందుకో తెలియదు.

గిద్దలూరు ఏమంత దూరం? బండెక్కితే గంట కాదు. అయినా ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. వచ్చినా మంచం అంచున కూర్చుంటుంది, ఇంట్లో నీళ్ళు కూడా ముట్టదు, సీసాలో తెచ్చుకుంటుంది. ఆమెను తప్పు పట్టను. వాళ్ళమ్మ కిడ్నీలు పోయింది ఈ బోరు నీళ్ళ వల్లే. ఆరు నెలలు కర్నూలు తిప్పినా దక్కలేదు. అలాంటి నీళ్ళు ఎవరు తాగుతారు? నేను తాగుతున్నాను. నాకేమీ కాలేదు.

నవంబరు 20, బుధవారం

గేటు దాకా. లోపం లేదు.

గేటు దగ్గర కూర్చుని ఉంటే గిద్యోను పట్టాల వెంట వచ్చాడు. నా సెక్షను ఇప్పుడు అతనిదే. సుత్తితో క్లిప్పుల మీద టంగు టంగున కొట్టుకుంటూ వస్తుంటే గార్డు రెండు చెవులూ నిక్కబొడుచుకున్నాయి. లేచి కంచె దాకా పోయి నిలబడ్డాడు. గిద్యోను చెయ్యెత్తి, "బాగుండావా కాశన్నా?" అన్నాడు. బాగున్నానన్నాను. డ్యూటీలో ఉన్నవాణ్ణి నిలబెట్టి మాట్లాడకూడదు. అతను పోయాక కూడా గార్డు అటే చూస్తూ నిలబడ్డాడు.

వాడికి ఆరేళ్ళప్పుడు సంగతి గుర్తొచ్చింది. చలికాలం, పొద్దున్నే. పట్టా విరిగి బెత్తెడు సందు కనిపించింది. జెండాలు వెనక కల్వర్టు దగ్గరే మరిచిపోయాను. బండి కూత వినపడుతోంది. జెండా లేనప్పుడు రెండు చేతులూ తల పైకెత్తి పట్టాల మధ్య నిలబడాలి, డ్రైవరుకు అదే ఎర్రజెండా. నిలబడ్డాను. గార్డు నా వెనక నిలబడి ఒకటే మొరుగుడు. బండి ఆగింది. తర్వాత పట్టాకు కట్టు వేసి, అక్కడ కాషన్ పెట్టారు. వారం రోజులు బళ్ళన్నీ ఆ చోట మనిషి నడిచినంత మెల్లగా పోయాయి. పెద్దసారు నా భుజం తట్టాడు. ఇంటికొచ్చి చెబితే ఓబులమ్మ ముందు గార్డుకు పాలు పోసి, తర్వాత నాకు టీ ఇచ్చింది.

నవంబరు 24, ఆదివారం

దూరం: రెండో స్తంభం దాకా.

చలి ఎక్కువైంది కదా, అందుకని. సగం మాత్ర చాలడం లేదు. నిండు మాత్ర వేశాను. ఓబులమ్మ కూడా మొదట్లో ఒకటే వేసుకునేది. తర్వాత పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

గౌరికి బాగుందని చెప్పాను.

నవంబరు 28, గురువారం

సంగటి ముట్టలేదు. పాలు పోస్తే రెండు గుక్కలు తాగి వదిలేశాడు. చలికి మనుషులకే అన్నం సహించదు.

మాత్ర మానలేదు. నోరు తెరిచి గొంతులో వేశాను.

నవంబరు 30, శనివారం

వాంతి. రెండుసార్లు.

కడిగేశాను. దొడ్డికి నల్లగా, తారు లాగా పోయాడు. అది కూడా కడిగేశాను. బోరు నీళ్ళ వల్లే అయి ఉంటుంది. ఇవాళ్టి నుంచి వాడికి క్యాను నీళ్ళు పోస్తాను.

డిసెంబరు 1, ఆదివారం

"అంతా బాగుందా నాయనా?"

"బాగుంది."

నేను ఆ మాట అంటున్నప్పుడు వాడు నా కాళ్ళ దగ్గరే పడుకుని ఉన్నాడు. తల ఎత్తలేదు. తోక కూడా కదిలించలేదు. ఈ ఇంట్లో నా అడుగు చప్పుడు వినే ప్రాణి అదొక్కటే. అదీ పోతే నేను పొద్దున లేచి ఎవరి కోసం చెప్పులు వేసుకోవాలి?

డిసెంబరు 2, సోమవారం

ఆటో మాట్లాడుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. ఇందు డాక్టరమ్మ చిన్న పిల్ల, గౌరి కంటే చిన్నది. అయినా చెయ్యి నెమ్మదైనది. గార్డు నడుము నొక్కి చూసింది, వెనక కాళ్ళు ముందుకీ వెనక్కీ ఆడించింది. రక్తం తీసి పరీక్షకు మార్కాపురం పంపిస్తానంది.

"తుంటి కీళ్ళు అరిగినాయి పెద్దాయనా. ముసలితనంలో మామూలే. ఇంట్లో బండలు నున్నగా ఉండాయా?"

"నాపరాళ్ళమ్మా."

"వాటి మీద జారతాడు. జారతాననే భయంతోనే లేవడు. పాత గోనెసంచులు పరచండి. గోళ్ళు కత్తిరించండి. అన్నం గిన్నె కింద రెండు ఇటుకలు పెట్టండి, మెడ వంచే పని ఉండదు. గడప మెట్లకు వాలుగా చెక్క వెయ్యండి. పూర్తిగా పడుకోబెడితే కండ కరిగిపోతాది. ఒకేసారి గేటు దాకా లాక్కుపోవద్దు. మూడు పూటలా కొంచెం కొంచెం నడిపించండి. సాయంత్రం ఉప్పు మూటతో కాపడం పెట్టండి, కాలకుండా."

అన్నీ విన్నాను. ఇవన్నీ నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! కాదు. నేనే ఎవరినీ అడగలేదు.

తర్వాత ఆమె అంది: "ఈరోజుకు వాంతులకు మందిస్తా. రేపు పొద్దున నొప్పికి ఇంజెక్షన్ వేస్తా. కానీ ఒకటి. ఇంట్లో నొప్పి మాత్రలేమన్నా వేసి ఉంటే మాత్రం అది వెయ్యగూడదు. రెండూ కలిస్తే కడుపులో పుండు పడి రక్తం పోతాది, ప్రాణానికే ముప్పు. ఏమన్నా వేసినారా?"

"ఏం వెయ్యలేదమ్మా."

నల్లగా పోయిన సంగతి కూడా చెప్పలేదు.

ఎందుకు అలా అన్నాను? ఆమె అడిగిన తీరులో కోపం కూడా లేదు. నోరు దానంతట అదే అంది. ఏమీ లేదు, లోపం లేదు. చెయ్యికి అలవాటైన మాట నోటికి కూడా అలవాటైపోయింది.

రేపు పొద్దున పది గంటలకు రమ్మంది.

డిసెంబరు 3, మంగళవారం

ఆటోలో పోతున్నంతసేపూ అనుకున్నాను, ఒక్క ఇంజెక్షన్‌కు ఏమవుతుందిలే అని. గార్డు తల నా ఒళ్ళో ఉంది. ముక్కు ఎండిపోయి గరుగ్గా తగులుతోంది.

బల్ల మీద పడుకోబెట్టాను. డాక్టరమ్మ మందు సూదిలోకి లాగింది, గాలి తీసింది, వాడి తొడ మీద చర్మం పట్టుకుంది. మాట బదులు నా చేతులు లేచాయి. రెండు చేతులూ తల పైకెత్తి నిలబడిపోయాను, పట్టాల మధ్య నిలబడినట్టు.

ఆమె ఆగింది. "ఏమైంది పెద్దాయనా?"

"ఆపమ్మా. వేసినా. మాత్రలు వేసినా. పదిహేడు రోజులు."

జేబులో నుంచి అట్ట తీసి బల్ల మీద పెట్టాను. ఎందుకు జేబులో పెట్టుకుని పోయానో అప్పుడు తెలిసింది. ఆమె అట్ట చూసి, సూది పక్కన పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. సెలైను కట్టింది, కడుపుకు వేరే మందు ఎక్కించింది. అప్పుడు, సీసా వైపే చూస్తూ, మామూలుగా అంది.

"ఇవి కుక్కకు విషం పెద్దాయనా. కుక్క దాకా ఎందుకు, డాక్టరు చూడకుండా ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటే మనుషులకే కిడ్నీలు దెబ్బ తింటాయి. మీరు గూడా మానెయ్యండి."

ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో నేను వినలేదు.

ఆరేళ్ళు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నెల మొదట్లో నేనే తెచ్చాను. నా చేత్తోనే ఆ డబ్బాలో పెట్టాను. అయిపోతే ఆమె అడగక ముందే తెచ్చేవాణ్ణి. భార్యను కనిపెట్టుకుని ఉండే మొగుణ్ణని నాలో నేను పొంగిపోయేవాణ్ణి. పత్తి చేనుకు పోయి వచ్చి, బర్రెకు మేత వేసి, అప్పుడు మాత్ర వేసుకుని, "నీ పుణ్యమా అని నిలబడ్డా" అనేది.

ఓబులమ్మా.

డిసెంబరు 4, బుధవారం

గార్డు ఆసుపత్రిలోనే ఉన్నాడు. డబ్బాలో మాత్రలు తీసి పారేశాను.

నడవలేదు.

డిసెంబరు 6, శుక్రవారం

గార్డును ఇంటికి తెచ్చాను. వాంతులు ఆగాయి. రెండు చెంచాల మజ్జిగన్నం తిన్నాడు. మళ్ళీ శాలువా మీద పడుకున్నాడు.

ఒక సంగతి ఎక్కడా రాయలేదు ఇన్నేళ్ళూ. ఓబులమ్మ చనిపోయిన ఏడాది, మార్చిలో. నేను డ్యూటీకి బయల్దేరుతుంటే గడపలో కూర్చుని పాదం చూపించింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. "కాళ్ళు వాచినాయి. ఒకసారి కర్నూలు పోయొద్దామా?" అంది. ఆ వారం పెద్దసారు ఇన్‌స్పెక్షను. "పది రోజులు ఓపిక పట్టు, పోదాం" అన్నాను. రెండు నెలలయింది పోయేసరికి. ఆ రోజు ఏడు కిలోమీటర్లు నడిచి, నాలుగు క్లిప్పులు బిగించి, సాయంత్రం డైరీలో రాశాను: లోపం లేదు.

ఇంత పట్టాలో వెంట్రుకంత పగులు పట్టుకున్న కళ్ళు నావి. పెద్దసార్లు మెచ్చుకున్న కళ్ళు. నా ఇంటి గడపలో ఉన్నది కనపడలేదు.

బోరు నీళ్ళో, మాత్రలో, రెండూనో. ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. కానీ మూడేళ్ళుగా బోరు నీళ్ళు, బోరు నీళ్ళు అని నేను అంత గట్టిగా ఎందుకు అంటున్నానో నాకు తెలుసు. తెలియదని అనుకున్నానంతే.

గౌరికి చెప్పాలి. చెబితే ఆ ఏడాదికి రెండుసార్లు రావడం కూడా ఉండదు. ఆదివారం ఫోను ఉండదు. చెప్పకపోతే గార్డు పోయే దాకా వాడికీ, ఆ తర్వాత గోడకూ చెప్పుకోవాలి.

డిసెంబరు 8, ఆదివారం

సాయంత్రం ఐదు దాకా ఆగలేకపోయాను. పొద్దున తొమ్మిదింటికి నేనే చేశాను.

"ఏమైంది నాయనా?" ఎత్తగానే అంది. నేను ఎప్పుడూ చెయ్యను కదా, భయపడింది.

"అంతా బాగలేదు గౌరీ."

అంతే, ఇక ఆగలేదు. మాత్రలు గార్డుకు వేసిన సంగతి, డాక్టరమ్మకు అబద్ధం చెప్పిన సంగతి, ఆమె చివర్లో అన్న మాట, అన్నీ చెప్పాను. "మీ అమ్మకు ఆ మాత్రలు తెచ్చిచ్చింది నేనే గదా తల్లీ" అన్నాను. ఫోను పెట్టేసిందనుకున్నాను.

"నాకు తెల్సు నాయనా."

"ఏంది?"

"మాత్రల సంగతి. కర్నూల్లో డాక్టరు నన్ను పక్కకు పిల్చి అడిగినాడు, మీ అమ్మ నొప్పి మాత్రలు వాడతాదా అని. అవి గూడా కారణమై ఉండొచ్చని చెప్పినాడు. నీతో చెప్తే నువ్వు బతకవని చెప్పలేదు."

మూడేళ్ళు! ఆదివారం తర్వాత ఆదివారం, నేను బాగుందని చెబుతుంటే, ఆ పిల్ల అటు వైపు ఇది పట్టుకుని కూర్చుంది.

"మరి నా మీద కోపంతోనేనా తల్లీ రావు?"

ఆమె ఏడుపు అప్పుడు వినిపించింది. "నీ మీద కోపమేంది నాయనా? నేను గూడా తెచ్చిచ్చినా గదా. వచ్చినప్పుడల్లా గిద్దలూరు నుంచి నాలుగు అట్టలు. మీ నాయనకు చెప్పొద్దు, ఆయన తెచ్చినవి చాలడం లేదని అమ్మ అడిగేది. ఆ బిస్కెట్ల డబ్బాలో అడుగున నేనే పెట్టేదాన్ని. ఇంట్లో కాలు పెడితే ఆ డబ్బా కనపడతాది. నీళ్ళు గూడా గొంతు దిగవు."

నీళ్ళు! నేను బోరు నీళ్ళ భయమనుకున్నాను.

ఇద్దరమూ ఫోను పెట్టెయ్యలేదు. చివరికి తనే అడిగింది, "గార్డు ఏం చేస్తుండాడు నాయనా?"

"నన్నే చూస్తుండాడు."

డిసెంబరు 13, శుక్రవారం

పరీక్ష వచ్చింది. కిడ్నీలు కొంత దెబ్బ తిన్నాయి. ఎన్నాళ్ళుంటాడో చెప్పలేనని, ఉన్నన్నాళ్ళు హాయిగా ఉంచుదామని డాక్టరమ్మ అంది. తిండి మార్చింది. మాత్ర ఒకటి ఇచ్చింది, ఎప్పుడు ఎంత వెయ్యాలో కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ కాగితం గోడకు అంటించాను.

మంచం దగ్గర నుంచి వాకిలి దాకా గోనెసంచులు పరిచాను, జారకుండా అంచులకు రాళ్ళు పెట్టాను. మెట్లకు పాత తలుపు చెక్క వాలుగా వేశాను. గోళ్ళు కత్తిరించబోతే నా వేలు కొరికాడు. పళ్ళు లేవు కాబట్టి సరిపోయింది. కాపడం పెడితే మాత్రం కళ్ళు మూసుకుని గుర్రు పెడతాడు. లక్ష్మీనరసమ్మ అక్క చూసి, "నా మొగుడు గూడా ఇట్లా ఒక్కనాడు కాపడం పెట్టలేదు నాకు" అంది. ఈసారి చేతిలో చేట లేదు. అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఎక్కువగా మోకాళ్ళ గురించి. ఏ మాత్రలు వేసుకుంటున్నావని అడిగాను. చెప్పింది. వద్దని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను.

అన్నీ చేసినా గార్డు వాకిలి దాటడు. సంచుల మీద నాలుగడుగులు నడిచి, కూర్చుని, అంతేలే అన్నట్టు చూస్తాడు.

డిసెంబరు 16, సోమవారం

గిద్యోను డ్యూటీ దిగి ఇంటికి వచ్చాడు. గార్డుకు బాగలేదని విన్నాడట. టీ తాగుతూ, సంచిలో నుంచి పిడి విరిగిన సుత్తి తీశాడు.

"పారేసేదన్నా ఇది. సార్‌నడిగే తెచ్చినా. నీ చేతిది గదా, కొత్త పిడి యేస్తే ఇంకా పని చేస్తాది."

నాదే. అంచు మీద నా గాటు ఉంది. బరువు చూద్దామని పక్కనున్న రాయి మీద ఊరికే ఒక దెబ్బ వేశాను. టంగుమంది.

గోనెసంచి కదిలింది. గార్డు ముందు కాళ్ళు మోపి, వెనక నడుము వణుకుతూ వణుకుతూ పైకి లేచి, చెక్క మీదుగా మెల్లగా దిగి వచ్చి, నా వెనక నిలబడ్డాడు. పది అడుగులు కాదు, ఒక్క అడుగు వెనక. డ్యూటీకి పోదామా అన్నట్టు.

గిద్యోను టీ గ్లాసు కింద పెట్టేసి పక్కకు తిరిగాడు. నేను మాత్రం సిగ్గుపడలేదు, ఏడ్చాను.

డిసెంబరు 22, ఆదివారం

గౌరి వచ్చింది. ఫోను కాదు, మనిషి. పదకొండు గంటల బస్సుకు.

వాకిట్లో కాసేపు నిలబడింది. లోపలికి వచ్చి పటాల వైపు చూసింది. డబ్బా ఉంది. ఖాళీ చేసి, కడిగి, గార్డు బిస్కెట్లు పోసి పెట్టాను. చేత్తో తీసి మూత తెరిచి చూసింది. ఒక బిస్కెట్టు తీసి వాడికి వేసింది. తర్వాత వంటింట్లోకి పోయి, చెంబు ముంచుకుని నీళ్ళు తాగింది. క్యాను నీళ్ళే అయినా, మా ఇంటి చెంబు.

సాయంత్రం ముగ్గురమూ బయల్దేరాము. కొత్త పిడి వేసిన సుత్తి నా చేతిలో ఉంది. స్తంభం వచ్చినప్పుడల్లా కింద రాయి మీద ఒక దెబ్బ వేస్తాను, వాడు ఇంకో నాలుగడుగులు వేస్తాడు. ఇప్పుడు వాణ్ణి వెనక నడిపించడం లేదు. పడితే పట్టుకోవాలి కదా, అందుకని వాణ్ణి ముందు పెట్టి వెనక నేను నడుస్తున్నాను. గౌరి చూసి, "ఇంజను వచ్చింది, గార్డేడీ?" అంది, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో. నేనే చెయ్యెత్తాను.

మూడో స్తంభం దగ్గర కూర్చుండిపోయాడు. మేమూ పక్కన కూర్చున్నాము. పాసింజరు బండి పోయే దాకా కూర్చుని, వాడు తనంతట తను లేచాక వెనక్కి వచ్చాము. గౌరి ఈ రాత్రికి ఉంటానంది. లోపల సంగటి కెలుకుతోంది.

దూరం: ఇంటి నుంచి మూడో స్తంభం దాకా, వెనక్కి.
లోపం ఉంది. కాషన్ మీద నడుస్తున్నాము.